గుంజకు వేలాడే నూనె సీసా

ఆ చోటికి మా ఊళ్ళో పేర్లకేం కొదవ లేదు. తెలుగులో ఉంది, హిందీలో ఉంది, గోండిలో ఉంది, దోర్లీలో ఉంది. అన్నీ తిట్లే. ఎద్దు పలుపు తెంచుకున్నా, బస్సు రాకపోయినా, కల్లంలో మిరపకాయలు ఆరబోశాక మబ్బు పట్టినా మగవాళ్ళ నోట ముందుగా వచ్చేది ఆ మాటే. తిట్టడానికి అందరికీ నోరు తిరుగుతుంది. అక్కడ జబ్బు చేసిందని చెప్పుకోవడానికి మాత్రం నాకొక్క మాటా దొరకలేదు. "కింద బాగలేదత్తా" అంటే మా అత్త నా పాదాల వంక చూసి, "ముల్లు గుచ్చుకుందా ఏందే?" అంది.

మాది రాష్ట్రం సరిహద్దు అవతల, దోర్నపాల్ దాటి కొంట వైపు పోయే రోడ్డు మీద బస్సు దిగి లోపలికి పోవాల్సిన ఊరు. నేను పుట్టింది భద్రాచలం దగ్గర, వరి పండించే ఊళ్ళో. పెళ్ళయి ఇక్కడికొచ్చాకే మిరప తోట ముఖం చూశాను. పదో తరగతి దాకా చదివాను కాబట్టి ఊళ్ళో ఎవరికి ఆధార్‌లో పేరు తప్పు పడినా, బ్యాంకు వాళ్ళు ఏ కాగితం ఇచ్చినా నా దగ్గరికే తెస్తారు. అంత చదువరిని. నా ఒంటి సంగతి నాకే తెలియకుండా మూడేళ్ళు గడిపాను.

నెలసరి ఆగిపోయే రోజుల్లో మొదలైంది దురద. దోమ కుట్టినట్టు ఉండే దురద కాదు. నలుగురిలో కూర్చున్నప్పుడు పళ్ళు బిగబట్టి, ఇక ఆగలేక లేచి చాటుకి పరుగెత్తించే దురద. గోకితే రక్తం, గోకకపోతే పిచ్చి. కొన్నాళ్ళకి మంట తోడైంది. ఒంటికి పోతే మంట, నడిస్తే మంట, లంగా అంచు తగిలినా మంట. అత్త "వేడి చేసిందే, మజ్జిగ తాగు" అంది. తాగాను. వేపాకు నీళ్ళతో కడిగాను. పసుపు పూశాను. ఇప్పనూనె పూశాను. దోర్నపాల్ మందుల షాపులో మగవాళ్ళ వెనక నిలబడి, నా వంతు వచ్చేసరికి నోరు పెగలక "తామర మందు" అని అడిగి తెచ్చుకుని అదీ పూశాను. ఉన్న చర్మం ఊడిందే తప్ప ఒరిగిందేమీ లేదు.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు గడియ వేసి, మా ఆయన గడ్డం గీసుకునే అద్దం కింద పెట్టి చూసుకున్నాను. ఇద్దరు బిడ్డల్ని కన్న మనిషిని, జీవితంలో అదే మొదటిసారి చూసుకోవడం. నాకు తాలుకాయ గుర్తొచ్చింది. కల్లంలో ఎర్రకాయల మధ్య రంగు పోయి, తెల్లబడి, పొట్టులాగా పలచనైన కాయల్ని తాలు అంటాం. వాటిని వేరుగా ఏరి పక్కన పడేస్తాం. నా చర్మం అలా ఉంది. తెల్లగా, ముడతలు పడి, అక్కడక్కడా చిట్లి. అద్దం కడిగి మళ్ళీ గోడకి తగిలించాను. సాయంత్రం ఆయన అందులోనే చూసుకుంటూ మీసం కత్తిరించుకున్నాడు.

ఇంట్లో నడుము నొప్పి అని చెప్పి భద్రాచలం వెళ్ళాను. నడుము నొప్పి పరువు గల జబ్బు. అది ఉందంటే ఎవరూ ఏమీ అడగరు, పైగా జాలి పడతారు.

అక్కడి లేడీ డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి, దీపం దగ్గరికి లాగి చూసింది. "ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అంది. మూడేళ్ళ నుంచి అన్నాను. "మూడేళ్ళు ఏం చేశావు?" అంది. "మజ్జిగ తాగాను మేడం" అన్నాను. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నేనూ నవ్వేదాన్నేమో.

ఇది చర్మానికి వచ్చే జబ్బనీ, అంటుకునేది కాదనీ, నీ నడతకీ దీనికీ సంబంధం లేదనీ చెప్పింది. నేను అడగకుండానే ఆ చివరి మాట చెప్పింది. ఎంతమంది అడిగి ఉంటారో. రెండు ట్యూబులు రాసింది. చిన్నది స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు, మంటనీ దురదనీ అణచడానికి. పెద్దది ఆడ హార్మోను క్రీము. నెలసరి ఆగాక ఒంట్లో ఆ హార్మోను తగ్గిపోయి అక్కడి చర్మం ఎండిపోతుందట, పై నుంచి అందించాలట. కందిగింజంత వేలి మీద తీసుకుని ఎక్కడ ఎలా రాయాలో బొమ్మ గీసి చూపించింది. తర్వాత కళ్ళజోడు తీసి చెప్పింది. "బీపీ బిళ్ళ లాంటిదే ఇది. తగ్గిందని మానకూడదు. మానితే అక్కడి పెదవులు రెండూ అతుక్కుపోతాయి, దారి మూసుకుపోతుంది. అతుక్కున్నది క్రీముతో మళ్ళీ విడిరాదమ్మా, గుర్తు పెట్టుకో." గుర్తు పెట్టుకున్నాను. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

మా ఊళ్ళో మందు ఎవరి సొంతమూ కాదు. దవాఖాన నుంచి ఎవరొచ్చినా సంచి అరుగు మీద బోర్లించాల్సిందే. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి బిళ్ళలు ఎత్తి చూసి, "ఇది జొరానికా? నాకో రెండియ్యి" అంటారు. ఒకరి కంటి చుక్కలు ఇంకొకరి చెవిలో పడ్డ ఊరది. అందుకని ట్యూబులు రెండూ రవికెలో దోపుకుని వచ్చాను. సంచిలో నడుము నొప్పి బిళ్ళలు కొని పెట్టాను, పంచుకోవడానికి. రేకుల ఇంట్లో ఎండకి క్రీము నెయ్యిలా కారిపోతుందని నీళ్ళ కుండ కింది తడి ఇసుకలో పూడ్చిపెట్టాను.

అది మిరపకాయ ఏరే కాలం. పొద్దున తోటలోకి వంగితే సాయంత్రానికి గానీ నడుము ఎత్తడం ఉండదు. ఇంటికొచ్చి, తడికల చాటున సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని స్నానం చేశాను. అరుగు మీద మా ఆయన కల్లం నుంచి వచ్చి, గుంజకు వేలాడే నూనె సీసా దించుకుని చేతులకు రుద్దుకుంటున్నాడు. రోజూ చేసే పనే. చేతులు పగులుతాయని రాసుకుంటాడనుకునేదాన్ని. నేను తడికల చాటునే కూర్చుని, డాక్టరు బొమ్మ గుర్తు చేసుకుంటూ, కందిగింజంత క్రీము తీసి రాసుకున్నాను.

మొదట ఏమీ లేదు. తర్వాత నిప్పు కణిక పెట్టినట్టు భగ్గుమంది. అమ్మో అని చెంబుడు నీళ్ళు పోసుకున్నాను. ఇంకా ఎక్కువైంది. ఇంకో చెంబు పోసుకున్నాను. తడికలు పట్టుకుని గిలగిలలాడిపోయాను. ఒంటికి చీర చుట్టుకుని బయటికొచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏందే, ఏమైంది?"

"మందు మండుతందయ్యా."

"ఏం మందు?"

"దవాఖానల ఇచ్చిండ్రు. కింద రాసుకునేది. ఆడోళ్ళ మందు."

ఆయన నా మొహం చూశాడు. నా చేతులు చూశాడు. అది నాకు బాగా గుర్తు, నా చేతుల వంక చూశాడు. తర్వాత మొహం తిప్పుకుని ఎద్దుల వైపు చూస్తూ, "మండితే మానెయ్" అన్నాడు. నూనె సీసా మళ్ళీ గుంజకు తగిలించాడు.

నేను వెంటనే మానలేదు. మర్నాడు రాశాను, ఆ మర్నాడూ రాశాను. ఏరుడు నుంచి రావడం, సబ్బుతో కడగడం, రాయడం, ఏడవడం. చిన్న ట్యూబూ అంతే, పెద్ద ట్యూబూ అంతే. చివరికి విసిగిపోయి రెండూ పాత చీర పేలికలో చుట్టి ట్రంకు పెట్టె అడుక్కి తోసేశాను. డాక్టరుని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. పట్నం వాళ్ళ ఒంటికి పనికొచ్చే మందు మా ఒంటికి పడదనుకున్నాను. మా ఒళ్ళు వేరే దేవుడు చేశాడు కాబోలు.

ఇన్నేళ్ళు మిరప తోటలో బతికిన దానివి, నీకా మాత్రం తెలియదా అని మీరు అడుగుతారు. నన్ను నేను అడుక్కున్నంత కోపంగా మీరు అడగలేరు. కాయలు ఏరిన చేత్తో కళ్ళు నులమకూడదని తెలుసు. చంటిపిల్లల్ని తాకకూడదని తెలుసు. కానీ మూడేళ్ళుగా నాకక్కడ ఎప్పుడూ మంటే. ఏ మంట ఎక్కడిదో విడదీసి చూసుకునే వీలు లేకపోయింది. సబ్బుతో కడిగాను, చేతులకి మంట లేదు, కాయలు కాసిన చేతులు మరి. కొత్తగా వచ్చింది మందు ఒక్కటే, కాబట్టి దొంగ అదే అనుకున్నాను. ఇంకొక మనిషికి, ఏ ఆడమనిషికైనా, "ఆ మందు మండుతోంది" అని ఒక్క మాట చెప్పి ఉంటే, "ఏం చేతులతో రాశావే పిచ్చిదానా" అని ఉండేది. అది చెప్పాలంటే ముందు ఎక్కడ రాశానో చెప్పాలి. చెప్పలేదు.

ఆ ఏడాది డాక్టరు చెప్పినట్టే అయింది. ఏదీ తప్పిపోలేదు. అంచులు రెండూ మెల్లమెల్లగా అతుక్కున్నాయి. ఒంటికి పోతే ధార పక్కకి చిమ్మి తొడలు తడిసేవి. తోటలో మిగతా ఆడవాళ్ళతో కలిసి గట్టు చాటుకి వెళ్ళడం మానేశాను. పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఏరేదాన్ని. ఒకసారి మా ఆయన దగ్గరికొచ్చాడు. వద్దంటే అలుగుతాడని ఊరుకున్నాను. చిట్లి రక్తం వచ్చింది. నేను అరిచాను. ఆయన ఉలిక్కిపడి, తర్వాత కోపం తెచ్చుకుని, "ఇంట్ల ఉండి కూడ సన్నాసి బతుకైంది" అని దుప్పటి తీసుకుపోయాడు. మర్నాటి నుంచి మంచం అరుగు మీదికి మారింది. అత్త అడిగితే గాలి కోసం అన్నాడు. ఏమైందని నన్ను మాత్రం అడగలేదు, ఆనాడూ, ఆ తర్వాతా.

మళ్ళీ ఏరుడు కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కల్లంలో కాయలు బస్తాలకెత్తుతున్న మగవాళ్ళకి టీ పట్టుకుని వెళ్ళాను. కాయల కుప్ప ఇవతల నేను, అవతల వాళ్ళు. ఎవరో కొత్తగా కూలికి వచ్చిన మనిషి పని ఆపి లేచి గట్టు వైపు పోబోయాడు. మా ఆయన గొంతు వినిపించింది.

"ఏయ్, ఆగాగు! ఒంటికేనా? చేతులకు నూనె రాసుకున్నవా?"

"లేదన్నా. నీళ్ళతోని కడుక్కుంటలే."

"నీళ్ళకు పోతదా ఆ కారం! సబ్బుకు కూడ పోదు. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువైతది. ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బు పెట్టి, అప్పుడు పో. లేకుంటే పొద్దుగూకేదాక ఎగురుతవు, చూడు!"

అందరూ పకపకా నవ్వారు. ఒకాయన, "ఈ అన్న తోట పెట్టిన మొదటేడు పంచె చేత్తో పట్టుకుని ఈ కల్లం చుట్టూ ఉరికిండు. మేమే నూనె తెచ్చి ఇచ్చినం" అన్నాడు. మళ్ళీ నవ్వులు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

కథల్లో అయితే నా చేతిలో కెటిల్ జారిపడేది. పడలేదు. కుప్ప చుట్టూ తిరిగి వెళ్ళి అందరికీ టీ పోశాను. ఆయనకీ పోశాను. "చక్కెర తక్కువైంది" అన్నాడు.

ఆ సాయంత్రం గుంజకున్న సీసా నేను దించాను. అరచేతులకీ, వేళ్ళ సందులకీ, గోళ్ళ కిందికీ నూనె పట్టించి రుద్దాను. తర్వాత సబ్బు పెట్టాను. మళ్ళీ నూనె, మళ్ళీ సబ్బు. నాలుక మీద వేలు పెట్టి చూసుకున్నాను, కారం తగల్లేదు. ట్రంకు పెట్టెలో ట్యూబులు తీసి చూశాను, గడువు ఇంకా ఉంది. తడికల చాటున కూర్చుని రాసుకుని, కళ్ళు మూసుకుని, మంట కోసం ఎదురు చూశాను.

రాలేదు. చల్లగా ఉంది. వెన్న రాసినట్టు చల్లగా ఉంది. ఏడాది కింద ఇదే చోట కూర్చుని ఎంత ఏడ్చానో, మంట లేదని ఆ రోజు అంతకంటే ఎక్కువ ఏడ్చాను.

మళ్ళీ భద్రాచలం వెళ్ళాను. ఈసారి నడుము నొప్పి అని ఎవరికీ చెప్పలేదు, డాక్టరు దగ్గరికి పోతున్నా అన్నాను, అంతే. డాక్టరు మళ్ళీ దీపం లాగి చూసింది. ఎందుకు మానేశావని అడిగితే చేతుల సంగతి చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "ఏం పని చేస్తావని నేనూ అడగలేదు" అంది. అతుక్కున్నది అతుక్కున్నట్టేనట. మిగిలింది కాపాడుకోవాలట. ఎప్పుడైనా పుండు పడి మానకపోతే, గడ్డలా తగిలితే, ఆలస్యం చేయకుండా రావాలట, ఒక్కోసారి అది కేన్సరుకు దారి తీస్తుందట. కొత్త ట్యూబులు రాసిచ్చింది. ఇకనుంచి పొద్దున్నే, తోటలోకి పోకముందే రాసుకోమంది. ఎంత చిన్న మాట.

తిరిగి వచ్చేసరికి మా ఆయన బండి తీసుకుని రోడ్డు మీదికి వచ్చి ఉన్నాడు. వెనక కూర్చున్నాను. వీపు చూస్తూ అడగడం సులువు.

"నిరుడు నేను మందు మండుతందని ఏడ్చిన గద. అది మిరప మంటని నీకు తెలుసా?"

ఆయన గేరు తగ్గించాడు.

"అనుమానమొచ్చింది" అన్నాడు.

"మరి చెప్పలేదేంది?"

"ఆడోళ్ళ సంగతి. ఎట్ట చెప్పాలె? నీకు తెలవదా ఏంది అనుకున్న."

"మానెయ్ అని మాత్రం చెప్పినవు."

"మండుతందంటివి గద."

"కల్లంల మగోళ్ళకు నవ్వుకుంట చెప్పినవు. నాకు తిట్టుకుంట చెప్పినా సరిపోయేది గదయ్యా."

 రోడ్డు మీది పోలీసు క్యాంపు దగ్గర మా బండి ఆపారు. జవాను నా సంచిలో చెయ్యి పెట్టి ట్యూబు పైకి తీసి, "యే క్యా హై?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "కమర్ దర్ద్ కీ దవా, సాబ్" అన్నాడు. ఎంత చప్పున వచ్చిందో ఆ మాట. నడుము నొప్పి మందని నేను ఇంట్లో చెప్పిన అబద్ధమే ఆయన నాలుక మీద సిద్ధంగా ఉంది. అంటే నడుము నొప్పి కాదని కూడా మొదటినుంచీ తెలుసన్న మాట.

ఇప్పుడు దురద తగ్గింది. చిట్లడం తగ్గింది. రోజూ పొద్దున తడికల చాటున కూర్చుని, కందిగింజంత క్రీముతో, మిగిలిన ఒంటికి కాపలా కాస్తాను. పోయిన దాని గురించి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు తీసుకుపోయి ఉంటే దేవుణ్ణి తిట్టుకుని ఊరుకునేదాన్ని. మూసుకుపోయింది నా ఒళ్ళు, మూసుకున్నది ఆయన నోరు. నా నోరూ మూసుకునే ఉంది, కాదనను, కానీ నాకు తెలియక మూసుకున్నాను.

ఈ ఏడు ఏరుడు మొదలైన రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి, తడికల పక్కన కర్రకి కొత్త సీసా వేలాడుతోంది. చిన్నది, మెడకి కొబ్బరి తాడు కట్టి, నిండా నూనె పోసి. ఎవరు కట్టారో అడగక్కర్లేదు. అత్త చూసి, "నా కొడుకు మనసు వెన్నే" అని మురిసిపోయింది. దేనికో ఆమెకి తెలియదు, అయినా మురిసింది.

సీసా విప్పుకుని అరుగు దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతులు రుద్దుకుంటున్నాడు.

"ఇదేంది?"

"నూనె."

"ఎందుకు?"

ఆయన ఎద్దుల వైపు చూశాడు.

"ఎందుకో నోటితో చెప్పు. ఒక్కసారి చెప్పు, చాలు. ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు."

పెదవులు కదిలాయి. చెబుతాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"అన్నం పెడతవా, లేదా?" అన్నాడు.

సీసాని తీసుకెళ్ళి గుంజకి, ఆయన సీసా పక్కనే కట్టేశాను. లోపలికి వెళ్ళి అన్నం పెట్టాను. ఇప్పటికీ రెండూ అక్కడే వేలాడుతున్నాయి. నా నూనె నేను దోర్నపాల్‌లో కొనుక్కుంటాను.